సంతోషానికి పథ్యం

పిడుగుకు ఆపరేషన్ చేయించాలని పట్టుబట్టింది నేనే. వంటింట్లో ఏ డబ్బాలో ఏముందో తెలియకముందే కొత్త కోడలు ఇంటి కుక్కను ఆస్పత్రికి పంపిందని ఎవరైనా అంటే ఒప్పుకోవాల్సిందే. అత్త లేని కోడలు ఉత్తమురాలంటారు. నాకు అత్తగారు లేరు. అయినా ఆ బిరుదు నిలబడాలంటే ఆపరేషన్ తర్వాత కూడా వాడు మునుపటి పిడుగులాగే ఉండాలి.

పిడుగు మా ఆయన పెంచుకున్న కుక్క. గోధుమరంగు ఒళ్లు, నిక్కిన చెవి ఒకటి, వాలిన చెవి ఒకటి, ఎక్కడ పెట్టుకోవాలో వాడికే తెలియని పొడుగాటి కాళ్లు. సాయంత్రం మా ఆయన ప్రింటింగ్ ప్రెస్సు నుంచి వస్తూ వీధి మలుపు తిరిగాడంటే చాలు, వాడికి తెలిసిపోతుంది. తలుపు దగ్గర గిరగిరా తిరుగుతాడు. తోకతోపాటు నడుమంతా ఊపుతాడు. తలుపు తీయగానే ఎగిరి మా ఆయన గుండెల మీద పడతాడు. నేనూ ఇంచుమించు అంతే, తోక ఒక్కటే తక్కువ. గడియ ఎవరు ముందు అందుకోవాలా అని వాడూ నేనూ రోజూ తోసుకుంటాం.

అయితే వయసొచ్చిన దగ్గర్నుంచి వాడికి ఇల్లు ఆనడం లేదు. గేటు సందు దొరికితే చాలు, ఏ వీధిలోని ఆడకుక్క వాసనో పట్టుకుని ఉడాయిస్తాడు. ఒకసారి చెవి చీల్చుకుని వచ్చాడు. ఇంకోసారి లారీ బ్రేకు కీచుమన్న చప్పుడు నేను మేడమీద బట్టలు ఆరేస్తూ విన్నాను. కిందికి పరిగెత్తేసరికి వాడు చక్రం పక్కన నిలబడి తోకాడిస్తున్నాడు. డ్రైవరు తిట్టిన తిట్లన్నీ నేనే పడ్డాను. ఆ రోజే అన్నాను, "వీడికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయిద్దాం" అని.

మా మామగారు ముందుగదిలో కూర్చుని వాచీలు బాగుచేస్తారు. కంటికి బిగించుకున్న భూతద్దం తీయకుండానే తలెత్తారు.

"అమ్మాయ్, నడుస్తున్న గడియారాన్ని విప్పకూడదు. విప్పితే ఇక అది ఆ గడియారం కాదు."

"నడిచే గడియారం లారీ కిందికి నడవదు కదండీ, మామయ్యగారూ!"

మా ఆయన అటు నాన్ననీ ఇటు నన్నూ చూసి, నా పక్షాన చేరాడు. తర్వాత గదిలోకి వచ్చి, "వాడు నన్ను చూసి ఎగరడం మానేస్తే?" అని అడిగాడు. అడిగి, పెట్టిన గుండీనే తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

"మానేయడు" అన్నాను. ఎవరిని అడిగి మాటిచ్చానో!

పొద్దున ఆస్పత్రిలో దింపి, సాయంత్రానికి తెచ్చుకున్నాం. మత్తు పూర్తిగా దిగక, తాగొచ్చిన మనిషిలా అడ్డదిడ్డంగా నడిచాడు. కుట్లు నాక్కోకుండా మెడ చుట్టూ పెద్ద ప్లాస్టిక్ గరాటు తగిలించారు. ప్రతి గుమ్మానికీ ఆ గరాటు ఢామ్మని తగలడం, తప్పు గుమ్మానిదే అన్నట్టు వాడు దానివైపు కోపంగా చూడడం! "కుట్లు విప్పేదాకా పరుగుల్లేవు, గెంతుల్లేవు, మెట్లెక్కడం అసలే వద్దు" అని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

చెప్పింది. నేను విన్నాను కూడా. మర్నాడు సాయంత్రం మా ఆయన గుమ్మంలోంచే, "సెలవిచ్చారోయ్! సముద్రం చూడ్డానికి వెళ్తున్నాం!" అని అరిచాడు. పెళ్లయ్యాక మా మొదటి ప్రయాణం. నేను "నిజంగానా!" అని కెవ్వుమని, అక్కడికక్కడే ఓ చుట్టు తిరిగాను. పిడుగు ఊరుకుంటాడా? చాపమీంచి లేచి, గరాటుతో సహా నాతో పాటు తిరిగి, ఎగిరి మా ఆయన మీద పడ్డాడు.

తెల్లారి మామగారు భూతద్దం కంటికి బిగించుకుని వాడి పక్కన బోర్లా పడుకున్నారు. ఆపరేషన్ వద్దన్న మనిషే, రోజూ కుట్లు తనిఖీ చేసే పని పెట్టుకున్నారు.

"అమ్మాయ్, ఇక్కడ ఉబ్బింది. నిన్న ఇది లేదు."

ఉన్నపళంగా ముగ్గురం వాణ్ణి మోసుకుని పరిగెత్తాం.

డాక్టరమ్మ వేలితో మెల్లగా నొక్కి చూసింది. "గెంతాడు కదూ? లోపల నీరు చేరింది. గుడ్డలో ఐసు చుట్టి పెడుతుండండి. ఇంకోసారి ఇలా గెంతితే కుట్లు తెగుతాయి, మళ్లీ మత్తిచ్చి కుట్టాలి. ఇంతకీ వీణ్ణి ఇంత రెచ్చగొడుతున్నది ఎవరు మీ ఇంట్లో?"

మామగారు గడ్డంతో నావైపు చూపించారు. మా ఆయన కూడా చూపించాడు, ద్రోహి. ఆఖరికి గరాటు కూడా నావైపే తిరిగింది.

డాక్టరమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "కొత్తగా పెళ్లయిందా?"

"అవునండీ!" అన్నాను, అవసరమైన దానికంటే గట్టిగా.

"అర్థమైంది. కొన్నాళ్లు ఇంట్లో సంతోషం తగ్గించండి."

పంచదార తగ్గించమంటే తగ్గిస్తాం, ఉప్పు తగ్గించమంటే తగ్గిస్తాం. సంతోషం ఎలా తగ్గిస్తారండీ? ఆ పథ్యం అమలు చేసే బాధ్యత మామగారు తీసుకున్నారు. సముద్రం ఎక్కడికీ పోదని ప్రయాణం వాయిదా వేశాం. మా ఆయన పెరటి తలుపు నుంచి పిల్లిలా వచ్చేవాడు.

"వచ్చారా?"

"వచ్చాను."

"తింటారా?"

"తింటాను."

ముందుగదిలోంచి మామగారు: "ఒరేయ్, 'తింటాను'లో కొంచెం హుషారు వినబడింది. తగ్గించు."

నాకు నవ్వొస్తే వంటింట్లోకి పరిగెత్తి కొంగు నోట్లో కుక్కుకునేదాన్ని. చివరికి ఓ ఉపాయం కనిపెట్టాం. కూరగాయల సంచి పట్టుకుని నేను వీధి మలుపు దాకా ఎదురెళ్లేదాన్ని. దర్జీ కొట్టు అరుగు పక్కన ఆ రోజు నవ్వాల్సిందంతా నవ్వేసుకునేవాళ్లం. మామగారి ముందు ‘మీరు’, మలుపు దగ్గర ‘నువ్వు’. ఇంటి గేటు దగ్గరపడేసరికి ముఖాలు సర్దుకునేవాళ్లం.

ఓ సాయంత్రం దర్జీ కత్తెర పక్కన పెట్టి, నన్ను పిలిచాడు. "అమ్మా, ఏమీ అనుకోకు. ఇక్కడ ఇంత బాగుంటారు, గేటు దగ్గరికెళ్తే ముఖాలు మాడిపోతాయి. మీ మామగారు అంత చెడ్డవాడా?"

ఇది చెప్పినప్పుడు మామగారికి నవ్వాగక భూతద్దం జారి ఒళ్లో పడింది. "పథ్యం, పథ్యం!" అని మేమిద్దరం ఆయన్ని కోప్పడ్డాం.

వాపు తగ్గింది. కుట్లు ఎండాయి. అప్పుడు మొదలైంది అసలు భయం.

మా ఆయన వచ్చాడు. పిడుగు కళ్లు తెరిచాడు, చూశాడు, గడ్డం మళ్లీ నేలకి ఆనించాడు. తోక కొస కూడా కదల్లేదు.

"వాడు లేవలేదు" అన్నాడు మా ఆయన.

"లేవకూడదు కదా."

"లేవబోతే మనం ఆపడం వేరు. వాడికే లేవాలనిపించకపోవడం వేరు."

మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. నేను ముందే చెప్పానని మామగారు దెప్పిపొడిచినా బాగుండేది. ఆయన నా పక్కకొచ్చి, "పోనీలే తల్లీ, ప్రాణం దక్కింది కదా" అన్నారు. ఆ ఓదార్పుకే నాకు ఏడుపొచ్చింది.

కుట్లు విప్పే రోజు డాక్టరమ్మ గరాటు తీసి పక్కన పడేసింది. "భేషుగ్గా మానింది" అంది.

"వీడు మారిపోయాడండీ" అన్నాను. "మా ఆయన వస్తే లేవడం లేదు. ఆపరేషన్ వల్లేనా?"

"ఆపరేషన్ వల్ల తగ్గేది వీధుల వెంట పడటం, ప్రతి గోడ దగ్గరా కాలెత్తడం. అవైనా ఒక్కసారిగా పోవు. ఒంట్లో మిగిలిన హార్మోను దిగడానికి వారాలు పడుతుంది, అందాకా గేటు జాగ్రత్త. ఆకలి పెరుగుతుంది, జాలిపడి ఎక్కువ పెట్టి లావెక్కించకండి. ఆటకీ ప్రేమకీ ఆపరేషన్ చేయలేదమ్మా నేను." చేతులు తుడుచుకుంటూ అడిగింది, "ఇన్నాళ్లూ ఈయన ఇంటికొస్తే మీలో ఎవరు లేచారు?"

ముగ్గురం ముఖముఖాలు చూసుకున్నాం.

ఇంటికి రాగానే మా ఆయన్ని మళ్లీ బయటికి పంపాం. మలుపు దాకా వెళ్లి, మామూలుగా ముందు తలుపు నుంచే రమ్మన్నాం. పిడుగు చాప మీద పడుకున్నాడు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. ఇప్పుడు కూడా లేవకపోతే, ఇక నెపం వేయడానికి గరాటూ లేదు, కుట్లూ లేవు.

చెప్పుల చప్పుడు. వాడి నిక్కిన చెవి తిరిగింది. కానీ కళ్లు తలుపు వైపు కాదు, నా ముఖం వైపు! లేవొచ్చా అని నన్నడుగుతున్నాడు!

"వచ్చాడ్రోయ్!" అని ఇల్లు అదిరేలా కేకపెట్టి తలుపు బార్లా తీశాను.

పిడుగు లేచాడు. ఒళ్లు విరుచుకున్నాడు. తుమ్మాడు. ఇంకా అనుమానం తీరక మామగారి వైపు చూశాడు.

"ఇంకా చూస్తావేంరా వెధవా, వెళ్లు!" అన్నారాయన.

తోక కదిలింది. నడుం కదిలింది. ఆపైన ఏది తోకో ఏది నడుమో తెలియలేదు. వాడు ఎగిరిన ఊపుకి మా ఆయన గుమ్మంలో వెల్లకిలా పడ్డాడు. దారిలో ఉన్న బల్ల కదిలి, మామగారి మరల పళ్లెం బోర్లాపడి, ఆవగింజలంత మరలన్నీ గదంతా దొర్లాయి. ఆయన మోకాళ్ల మీద వంగి వాటిని ఏరుతూ పకపకా నవ్వుతున్నారు. పిడుగు ఆయన వీపు తొక్కి నా మీదికొచ్చాడు, నన్ను వదిలి మళ్లీ మా ఆయన మీదికి. అంతలో వీధిలో ఏదో కుక్క మొరిగింది. వాడి ముక్కు గేటు వైపు తిరగడం చూసి నేను ఒక్క ఉరుకున వెళ్లి గేటు వేశాను.

తిరిగొచ్చేసరికి మా ఆయన ముఖమంతా తడి. అందులో వాడి నాలుక వాటా ఎంతో, కళ్ల వాటా ఎంతో నేను అడగలేదు. చొక్కా దులుపుకుంటూ లేచాడు.

"ఇంకోసారి వెళ్లి రానా?" అన్నాడు. మేం జవాబు చెప్పేలోపే మలుపు దాకా వెళ్లిపోయాడు.