ఆఖరి ఓటీపీ

"వెబ్‌సైట్ మళ్ల ఎర్రగ వస్తున్నదంట. ఇంట్లుండి ఏం చేస్తున్నవ్?"

బియ్యం కడుగుతుంటే చేవెళ్ల మార్కెట్ నుంచి మా ఆయన ఎజ్రా ఫోన్. సురంగల్‌లో మా తోట పూలకు పెళ్లిళ్ల ఆర్డర్లన్నీ ఆ వెబ్‌సైట్ మీదే వస్తాయి. తయారుచేసింది నేనే. దాని భద్రతా సర్టిఫికెట్ గడువు దాటితే, ఇది నమ్మదగిన సైటు కాదని తెర మీద ఎర్రటి హెచ్చరిక పడుతుంది, వచ్చినవాళ్లు వెనక్కి పోతారు. మూడు నెలలకోసారి కొత్తది తీసుకోవాలి. అందుకు డొమైన్ అమ్మిన కంపెనీ ఖాతాలోకి వెళ్లి, ఆ పేరు మాదేనని రుజువుగా ఒక కోడ్ అతికించాలి. చిటికెలో పని. కానీ ఖాతా తెరిచే ఓటీపీ ఎజ్రా ఫోన్‌కే వస్తుంది. "మొగోని పేరు మీదుంటెనే మంచిగుంటది" అని మా అత్త సారమ్మ మొదట్లోనే తేల్చేసింది. అడిగినప్పుడల్లా ఆయన "జర ఆగు, బేరంల ఉన్న" అంటాడు. తడి చేతులతో ఆగుతాను. ఆగడం కూడా పనేనని ఈ ఇంట్లో ఎవరికీ తోచదు. పైగా ఊరికే ఫోన్ చేసి సతాయిస్తానని విసుక్కుంటాడు.

మొన్న గండిపేట కాలేజీలో ల్యాబ్ ఉద్యోగం వచ్చినప్పుడూ ఆయన ఇదే అడ్డం పెట్టాడు. "నువ్వు పోతే సైటు ఎవరు చూస్తరు ప్రవీణా? ఆర్డర్లు ఆగిపోతయ్." నిజమే కదా అనుకున్నాను. సోమవారమే చేరాలి, ఆలోగా జవాబు చెప్పాలి.

ఈసారి ఖాతా తెరిచి, అందులోనే ఏపీఐ కీ తీసుకున్నాను, ఓటీపీ లేకుండానే ఖాతాలో పని చేయనిచ్చే తాళంచెవి లాంటిది. అది ప్రోగ్రాముకు ఇస్తే, గడువు దగ్గరపడగానే తనే ఆ రుజువు పెట్టి సర్టిఫికెట్ తెచ్చుకుంటుంది. ఆయన ఓటీపీ చెబుతున్నప్పుడే "నిన్ను అడుగుడు ఇదే ఆఖరుసారి" అన్నాను. వేలం కేకల్లో ఆయనకు వినపడలేదు.

సాయంత్రం మళ్లీ చెప్పాను. "ఇగ దానంతటదే అయితది. నీకు ఫోన్ చెయ్య."

సంతోషిస్తాడనుకున్నాను. మొహం మాడ్చుకున్నాడు.

"నన్నడగకుంటనేనా?"

సైటు ఆగిపోతుందని ఇన్నాళ్లు భయపడింది నేనొక్కదాన్నే. ఆయన భయం ఇదన్నమాట. ముందు జాలేసింది. ఈ జాలితోనే ఇంతకాలం ఆగిపోయానని గుర్తొచ్చి ఒళ్లు మండింది.

"మంచిగాయె, ఇగ ఖాళీనే గద. బంతిపూల దండలు గుచ్చు" అంది అత్త.

"ఖాళీ లేదత్తమ్మా. సోమవారం నుంచి గండిపేటకు పోతున్న."

"మరి వంట?" అన్నాడు ఎజ్రా.

"దానికి ఓటీపీ అక్కర్లేదు. ఎవరన్న చెయ్యొచ్చు."