పొయ్యని సాక

గంగమణి పొద్దున్నే లేచి వాకిలి ఊడ్చి, సాన్పి చల్లి, పొయ్యి పక్క గూట్లో ఉన్న కల్లు లొట్టి మూతి మీది నురగను గుడ్డతో తుడిచేది. తుడవకపోతే పొంగి గోడంతా కారేది. ఆ తర్వాత చాయ తాగి మార్కెట్ యార్డులో పసుపు కొమ్ములు ఏరే పనికి పోయేది. ఆర్మూరులో అందరిళ్లలో పాలు పొంగితే ఆమె ఇంట్లో కల్లు పొంగేది. ఎప్పుడో ఎనభై నాలుగులో దించిన కల్లు. చూస్తే ఇవాళ్టిదే అనిపించేది.

"ఇంక పొంగుతనే ఉన్నదా అక్కా?" అని పక్కింటి వెంకవ్వ దడి మీదుగా అడిగేది, జ్వరం తగ్గిందా అని అడిగినట్టే.

"పొంగుతున్నది."

"జర సాక పొయ్యరాదూ! రాజం బావ ఎన్నేండ్లని గట్ల దూపతోని ఉంటడు?"

"పోస్త. గా భోజన్న నలుగుర్ల ఒప్పుకున్ననాడు పోస్త."

భోజన్న కల్లు కంపౌండు కంట్రాక్టరు. గంగమణి మొగుడు రాజం అతని దగ్గర కల్లుకు ఈతచెట్లు గీసేవాడు. ఆ రోజుల్లో జనానికి పొద్దుటి తియ్యకల్లంటేనే ప్రాణం. బస్తాలు దించిన హమాలీలు దాహంతో వచ్చి దూప తీరా తాగి, ఇంటికి పోయి గటక తిని పడుకునేవాళ్లు. తర్వాత నోళ్లు మారాయి. "నిషా ఎక్కుతలేదు" అని సణగడం మొదలైంది. ఊరి నాలుక ఏం కోరుతుందో ఊరికంటే ముందు కనిపెట్టే భోజన్న డ్రమ్ముల్లో మత్తెక్కించే తెల్లపొడి కలిపాడు. కంపౌండు కిటకిటలాడింది. ఆ ఎండాకాలమే ఆలూరు పెండ్లికి పోయిన కల్లులో పొడి ఎక్కువై ఇద్దరు కూలీలు చచ్చిపోయారు.

కులపంచాయితీలో భోజన్న కన్ను కూడా ఆర్పకుండా చెప్పాడు. "రాజం కలిపిండు. నేను కండ్లార జూసిన."

రాజం వేపాకు పొగ పట్టి శుద్ధి చేయకుండా చెట్టుకు లొట్టి కట్టని మనిషి. చిటికెడు పొడి ముట్టి ఎరగడు. ఎంత మొత్తుకున్నా పెద్దమనిషి కాశీరాం వినలేదు. రాజం నడుముకున్న చెట్టెక్కే మోకు విప్పించి, అందరి ముందూ కత్తితో కోసేశాడు. మోకు కోస్తే ఇక ఆ మనిషి చెట్టెక్కకూడదు. తెల్లారి రాజం మోకు లేకుండానే ఈతచెట్టును వాటేసుకుని ఎక్కి, తాను కట్టిన చివరి లొట్టి దించుకొచ్చి పెండ్లాం చేతిలో పెట్టాడు. రొమ్మంతా గీరుకుపోయి నెత్తురు కారుతోంది.

"గిండ్ల నేనేం కలిపిన్నో సూడుమను," అని మంచం మీద వాలాడు. మళ్లీ లేవలేదు.

గీసేవాడు పోతే మూడోనాడు అతని చివరి లొట్టిలోని కల్లు సమాధి మీద సాకగా పోయాలి. అప్పుడే చచ్చినవాడి దూప తీరి దారిన పడతాడంటారు. గంగమణి పొయ్యలేదు. లొట్టిని కొంగు కింద పెట్టుకుని ఇంటికి తెచ్చేసింది. మొగుణ్ణి దూపతో నిలబెట్టానని ఆమెకు తెలుసు. తెలిసే చేసింది. ఆ దుఃఖం కన్నా పగ పెద్దది.

ఆ సాయంత్రమే భోజన్న కంపౌండులో గ్లాసు నోట పెట్టి తుపుక్కున ఊశాడు. "గిది రాజం లొట్టి కల్లు గదరా! వేపాకు పొగ కొడుతున్నది." అక్కడున్నవాళ్లు తలలూపి తమ గ్లాసులు తాము తాగారు. సాక పొయ్యలేదు మరి, అట్లాగే ఉంటుంది.

మరునాడూ అదే రుచి. ఎంత తాగినా నిషా మాత్రం లేదు. ఊరికంతా మత్తు అమ్మే మనిషి తాను మటుకు నికార్సుగా తెలివితో ఉండి, కోసిన మోకునే తల్చుకుంటూ పడుకునేవాడు.

దాంతో కల్లు విడిచి సారా కంట్రాక్టు పట్టాడు. ప్యాకెట్ మూల కొరికి నోట్లో పిండుకుంటే వేపాకు పొగ. సారా బందయినంక బ్రాందీ. అన్నీ బందయినప్పుడు సరిహద్దు అవతలి ధర్మాబాద్ నుంచి దొంగచాటుగా వచ్చే దేశీదారు. మళ్లీ దుకాణాలు తెరవగానే ఆర్మూరులో అందరికంటే ముందు చల్లటి బీరు. "భోజన్న బుర్రే బుర్ర! జమానా మారకముందే మారుతడు" అని ఊరు మెచ్చుకుంది. ఊరికేం తెలుసు? అతను లాభం వెంట ఉరకడం లేదు, ఒక రుచికి దొరక్కుండా ఉరుకుతున్నాడు. గంగమణికి తెలుసు. అతను ఏ దుకాణం తెరిచినా సాయంత్రం ఎదురుగా ఉడకబెట్టిన గుడాల గంప దించుకుని కూర్చునేది. పల్లెత్తు మాట అనేది కాదు. పసుపంటిన చేతులతో గుడాలు పొట్లం కడుతూ అతని గొంతు కేసే చూసేది.

తొంభై ఎనిమిది నాటికి ఆ రుచి నీళ్లకు పాకింది. తర్వాత అన్నానికి, మజ్జిగకు, దవాఖానలో ఇచ్చిన మందుకు. భోజన్న పుల్లలా ఎండిపోయాడు. ఒకనాడు గంప దగ్గరికి వచ్చి గొంతుక్కూర్చున్నాడు.

"తప్పయింది గంగమణీ. నేనే కలిపిన. ఇగ ఇడువు."

"నాకు జెప్పుడెందుకు? నాకు ఎరుకే గద. రేపు యార్డుకు రా."

మరునాడు పసుపు రాశుల మధ్య, రైతులూ హమాలీలూ వింటుండగా భోజన్న నోరు విప్పాడు. "రాజం కలుపలే. పొడి నాది, చెయ్యి నాది. అబద్ధమాడిన." కాశీరాం అక్కడే కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. "గీ చేతులతోనే గద కోసిన..." అని కూలబడ్డాడు.

గంగమణి వాళ్ల వైపు తిరిగి చూడలేదు. తిన్నగా ఇంటికి పోయి లొట్టి తీసుకుని, సమాధి మీద చుక్క మిగలకుండా పోసింది. "తాగు, కడుపునిండ తాగు. ఆలస్యం జేసిన, ఏమనుకోకు," అని వెక్కి వెక్కి ఏడ్చింది. నేల గటగటా తాగేసింది.

అదే గడియలో యార్డు నల్లా కింద భోజన్న దోసిలి పట్టాడు. వేపాకు పొగ లేదు! ఆనందంతో దుకాణానికి పరుగెత్తి బీరు తెరిచాడు. నీళ్లలాగే ఉంది. బ్రాందీ కూడా నీళ్లే. మామిడికాయ తొక్కు నాలుక మీద వేసుకున్నాడు. ఉప్పు లేదు, కారం లేదు. పోతూ పోతూ ఆ రుచి తక్కిన రుచులన్నిటినీ వెంట తీసుకుపోయింది.

పదిరోజులు ఓర్చుకుని పదకొండోనాడు పొద్దున్నే గంగమణి వాకిట్లో నిలబడ్డాడు.

"గా కల్లు... ఒక్క చుక్క మిగిలిందా గంగమణీ? గదన్న ఉంటుండె నా నోట్లె."

గంగమణి ఊడుస్తున్న చీపురు పక్కన పెట్టి లోపలికి పోయింది. లొట్టి తెచ్చి, అతని కళ్ల ముందే బోర్లించి దడి గుంజకు తొడిగింది. పనికి పొద్దుపోతోందని తలుపు గొళ్లెం పెట్టి యార్డుకు బయల్దేరింది.