ఏ ముడత?

జాన్ బాషా ఎన్నో ఏళ్ళు పత్తే వేశాడు. మిరప నాటడం ఈ ఏడే మొదలు. ఆకులు ముడుచుకుపోతుంటే ఆయన పొదిలి పురుగుమందుల కొట్టాయన్ను సలహా అడగలేదు. కొట్లో అమ్ముడుపోని మందేదో ఉంటే అదే తనకు అంటగడతాడని అనుమానం. అందుకని తొమ్మిదో తరగతి చదివే కూతురు నస్రత్‌ను అడిగాడు. "మా అమ్మాయి ఉందిగా, ఫోనులో చూసి చెప్పుద్ది" అని టీ బంకు దగ్గర నలుగురి ముందూ మీసం మెలేశాడు కూడా.

ఆ మాట విన్నాక నస్రత్ కాళ్ళు నేలమీద నిలవలేదు. పొద్దున బడికి బయల్దేరుతూ నాన్న ఫోనులో "మిరప ముడతకి మందు" అని కొట్టి, మొదట కనబడ్డ పేరు చదివి చెప్పింది. సాయంత్రం గాలి తగ్గాక కొడదామని జాన్ బాషా ఆ మందు తేవడానికి బండెక్కాడు.

మధ్యాహ్నం కంప్యూటర్ పీరియడులో కోటిరత్నం టీచర్, "ఇంటర్నెట్‌లో ఈమధ్య ఏం వెతికారో చెప్పండి" అంది. అందరికంటే ముందు నస్రత్ చెయ్యి లేచింది. టీచర్ అవే మాటలు తెర మీద కొట్టింది. అదే మందు వచ్చింది.

"ఈ మూల చిన్న అక్షరాలు చూశావా? ప్రకటన అని ఉంది. డబ్బు కట్టినవాణ్ణి ముందు కూర్చోబెడతారమ్మా. సరే, అదలా ఉంచు. ఏ ముడత?"

"ముడతే, టీచర్."

"ఆకు పైకి ముడిచిందా, కిందికా?"

చేను ఇంటికి కూతవేటు దూరం. అయినా నస్రత్ ఒక్క ఆకు తిప్పి చూసిన పాపాన పోలేదు.

టీచర్ ఈసారి పైముడత, కింది ముడత అని రెండు రకాలుగా అడిగి, వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళ పేజీ తెరిచింది. పైకి ముడిస్తే తామరపురుగు, కిందికి ముడిస్తే ఆకురసం పీల్చే నల్లి. దేని మందు దానిదే. పొద్దున నస్రత్ చెప్పింది తామరపురుగు మందు.

"మనం ఏది అడిగితే దానికే జవాబొస్తుంది. ముందు మన ఆకు మనం చూసుకోవాలి" అంటూ టీచర్ నాన్నకు చెప్పమని తన ఫోను ఇచ్చింది. జాన్ బాషా బండి మీద ఉన్నాడో ఏమో, ఎత్తలేదు.

బడి గంట కొట్టగానే నస్రత్ చేనికి పరుగెత్తింది. దారంతా ఒకటే గుబులు. చెబితే నాన్న ఇక జన్మలో తనను ఏదీ అడగడు. చెప్పకపోతే చేను పోతుంది.

జాన్ బాషా డ్రమ్ములో నీళ్ళు నింపుతున్నాడు. మందు సీసా మూత తీయకుండా గట్టు మీద ఉంది. నస్రత్ ఒక మొక్క దగ్గర కూర్చుంది. ఆకు అంచులు కిందికి తిరిగి, పడవ బోర్లించినట్టు ఉన్నాయి. పక్క మొక్కా అంతే.

"కొట్టమాక నాన్నా! నేను తప్పు చెప్పాను. ఆకు చూడకుండానే చెప్పాను" అంది, ఏడుపు ఆపుకోలేక.

జాన్ బాషా సీసా వంక చూశాడు, కూతురి వంక చూశాడు. గట్టు మీద కూలబడ్డాడు.

"రేపు బంకు కాడ మొహం ఎట్టా చూపియ్యాల?" అన్నాడు. సీసా పక్కకి జరిపి మళ్ళీ అందుకున్నాడు.

"ఇన్నేళ్ళలో ఆ కొట్టాయన తప్పు చెప్పానని ఒక్కసారన్నా అన్నాడా? ఈ ఫోనన్నా అన్నదా?"

జేబులోంచి ఫోను తీసి నస్రత్ చేతిలో పెట్టాడు.

"కూర్చో అమ్మా. ఆకు నేను పట్టుకుంటా. ఈసారి చూసి అడుగు."