మేస్త్రి చెవి

కీచ్... కీచ్... క్లచ్ తొక్కిన ప్రతిసారీ అదే అరుపు. మునగాల దాటాక, హైవే పక్కన ‘ఈదయ్య మెకానిక్’ బోర్డున్న, తెలిసిన రేకుల షెడ్డు ముందు కారు ఆపాను.

అక్కడ భార్యాభర్తలిద్దరూ కలిసే రిపేరు చేస్తారు. బుచ్చమ్మ సీట్లో కూర్చుని పెడల్ తొక్కుతుంది; ఆమె భర్త కారు కిందికి దూరి చప్పుడు వింటాడు. ఊరంతా అతన్ని మేస్త్రి అంటుంది. ఆమె మాత్రం ఏమనీ పిలవదు. భర్త పేరు నోట రాకూడదన్న పాత పట్టింపు. పిలవాలంటే డోరు మీద తడుతుంది.

చెవులు మందగిస్తున్నాయని, అవి పోతే షెడ్డు మూసేస్తానని, పోయినసారే మేస్త్రి చెప్పాడు.

ముందు ఇంజన్ నడుస్తుండగా తొక్కించాడు. తర్వాత ఆపి తొక్కించాడు. ఇంజన్‌తో పాటు అరుపూ ఆగితే, తప్పు లోపలి బేరింగ్‌ది.

“ఆగింది సార్. బేరింగే. గేర్‌బాక్స్ దించాలె.”

ఆగలేదు. నాకు వినబడుతూనే ఉంది. బుచ్చమ్మ నావైపు చూసి, ఏమీ అనవద్దన్నట్టు తల ఊపింది. డోరు గట్టిగా తట్టి అతన్ని పైకి రప్పించింది. అతని వేలు పట్టి, పెడల్ పైనున్న కీలు మీద ఆనించి, మెల్లగా తొక్కింది. వణుకు వేలికి తగిలింది. ఎండిన కీలు, అంతే. నాలుగు చుక్కల నూనెకు కీచు కరిగిపోయింది. చెవి జారవిడిచినదాన్ని వేలు అందుకుంది.

మేస్త్రి మొహం మాత్రం వాడిపోయింది.

“ఇగ షెడ్డు ఖతం. ఇనబడని చెవితోని బండ్లు ముట్టుకోవద్దు.”

“సన్న కీచు ఇనబడకుంటేంది? నా మాట ఇనబడుతలేదా?” అంది బుచ్చమ్మ, ఎదురుగా నిలబడి.

“నువ్వేమంటవో నాకు ముందే ఎరుక. పెదాలు సూసి ఊ కొడుతున్న. పెండ్లైన కాడినుంచి గంతే గద.”

నవ్వబోయి, నవ్వలేక, అటు తిరిగి పానాలు సంచిలో వేయసాగాడు.

అతడు ముందే ఊహించలేని మాట ఆమె దగ్గర ఒక్కటే ఉంది. వెనక నిలబడి, చాలా తగ్గు గొంతుతో, ఆ ఒక్క మాటే అంది.

పానా పట్టిన చేయి గాలిలోనే నిలిచింది. మేస్త్రి మెల్లగా తిరిగాడు. కళ్లనిండా నీళ్లు.

“మల్ల అను.”

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకోబోయి, దించేసింది.

“ఈదయ్యా.”