ఖున్ అన్న ఊఁ అనలేదు

డబ్బు రాకముందు మేం ఆరుగురం. వచ్చాక నేనొక్కదాన్నే మిగిలాను. మధ్యలో ఏం జరిగిందని ఎవరైనా అడిగితే నాకు ఒళ్ళు మండుతుంది. ఎవరూ దొంగతనం చేయలేదు, ఎవరూ పోట్లాడుకోలేదు, ఏం చెప్పమంటారు?

మా ప్రోగ్రాం పేరు దీపం. కంప్యూటర్ తెర మీద ఉన్నదాన్ని చూపు లేనివాళ్ళకు పైకి చదివి వినిపిస్తుంది. మా ఊరు చియాయిలో కూర్చుని పదకొండేళ్ళు ఊరికే రాశాం, ఊరికే పంచాం. ప్రతి శనివారం పొద్దున రైల్వే స్టేషన్ వెనక సోయాపాల కొట్టులో కలిసేవాళ్ళం, ఎవరి పాలకు వాళ్ళే ఇచ్చుకునేవాళ్ళం. కొత్తగా ఏది రాసినా ఖున్ అన్న నా లాప్‌టాప్ ముందు హెడ్‌ఫోన్లు పెట్టుకుని రెండు గంటలు వినేవాడు. తప్పులన్నీ చెప్పి, మేం దిద్దాక చివర్లో "ఊఁ" అనేవాడు. ఆయన ఊఁ అంటేనే జనంలోకి వదిలేవాళ్ళం.

ఖున్ అన్నకు పుట్టుకతో చూపు లేదు. ముప్ఫై ఏళ్ళు స్టేషన్లో ప్రయాణికుల మెడలూ భుజాలూ పిసికి బతికాడు. బొటనవేళ్ళ కీళ్ళు అరిగిపోయి గిన్నె పట్టుకోవడమే కష్టమైన రోజుల్లో, దీపం పుణ్యమా అని బస్సుల కంపెనీలో ఫోన్లెత్తే ఉద్యోగం దొరికింది. "ఇక ఈ వేళ్ళకు ముక్కు గోక్కోవడం తప్ప ఏ పనీ చెప్పను" అంటూ ఆ రోజు అందరికీ తనే పాలు పోయించాడు. ఒకరికొకరం కొనిపెట్టుకున్నది ఆ ఒక్కరోజే.

పోయిన ఏడాది ఒక ఫౌండేషన్ ముందుకొచ్చి, మాలో ఒకరికి ఏడాదిపాటు జీతమిస్తామంది. బదులుగా దీపం ఫొటోలు చూసి అందులో ఏముందో చెప్పాలట, సెప్టెంబరు నెలాఖరుకల్లా.

"నాకు ఫొటోలెందుకు చెల్లెమ్మా? ఏ బటన్ మీదున్నానో తిన్నగా చెబితే చాలదూ?" అన్నాడు ఖున్ అన్న.

"బటన్లకు ఎవరూ డబ్బివ్వరన్నా," అన్నాను.

జీతం ఎవరికంటే అందరూ నన్నే చూపించారు. పిల్లాజెల్లా లేనిదాన్ని, చేస్తున్న ఉద్యోగం మానుకోగలిగేది నేనే. మానేశాను. మొదటి శనివారమే హుంగ్ మాస్టారు అందరి బిల్లూ నా వైపు తోశాడు. హైస్కూల్లో సైన్సు చెప్తాడాయన, దీపంలో సగం ఆయన చేతిదే.

"జీతగత్తెవి కదమ్మా, కట్టు."

అందరూ నవ్వారు. నా బుద్ధి గడ్డి తిని నేనూ నవ్వి కట్టాను.

అప్పట్నుంచి ఏది చెడిపోయినా "నీకిస్తున్నారుగా, నువ్వే చూడు" అనడం మొదలైంది. తమాషాకే అనేవాళ్ళు. తమాషాగానే ఒకరి తర్వాత ఒకరు రావడం మానేశారు. వేసవి దాటేసరికి కొట్టులో నేనూ ఖున్ అన్నా మిగిలాం. ఐదుగురి పనీ నా నెత్తిన పడింది, పైగా ఆ ఫొటోల పీడ ఒకటి. మాస్టారింటికి వెళ్ళి బతిమాలాను.

"కోపమేం లేదమ్మా," అన్నాడాయన గుమ్మంలో నిలబడి. "ఇన్నేళ్ళు ఊరికే చేశాను, ఏనాడూ ఏం అనిపించలేదు. నీకు జీతమొచ్చాక నా శనివారాల ఖరీదు తెలిసొచ్చింది. సున్నా. తెలిశాక చేతులు ఆడటం లేదు."

ఆయన మాటలో అబద్ధం లేదు. నాకు మంట అక్కడే.

గడువు శుక్రవారం సాయంత్రం ఐదింటికి. మధ్యాహ్నం మూడింటికి పని ముగిసింది. ఖున్ అన్నకు ఫోన్ చేశాను.

"డ్యూటీలో ఉన్నా చెల్లెమ్మా. రేపు శనివారమేగా, పొద్దున్నే వచ్చి వింటా. ఒక్కరోజు ఆగు."

"దాటితే చివరి ఆర్నెల్ల జీతం రాదన్నా."

"నీ ఇష్టం," అన్నాడు.

నీ ఇష్టం అంటే ఊఁ కాదని నాకు తెలుసు. ఐదింటికి వదిలేశాను. శనివారం ముఖం చెల్లక కొట్టుకు వెళ్ళలేదు. ఆయన వచ్చి గంటసేపు కూర్చుని వెళ్ళాడని కొట్టావిడ తర్వాత చెప్పింది.

సోమవారం ఖున్ అన్న తన ఆఫీసులో కంప్యూటర్ తెరవగానే, మూలనున్న బస్సు బొమ్మను ఫొటో అనుకుని వర్ణించబోయి దీపం మూగబోయింది. ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. ఎత్తి ఏం చెప్తాడు? నలభై నిమిషాలు టై కట్టుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆ మూగ యంత్రం ముందు కూర్చున్నాడు. శనివారం విని ఉంటే పది నిమిషాల్లో పట్టేసేవాడు. నేను మర్నాటికి సరిచేశాను. ఆపాటికే మేనేజరు, "మీ తప్పు కాదు, కానీ ఇలాంటిదాన్ని నమ్ముకుని మేం నడవలేం" అని చెప్పి పంపేశాడు.

ఆ వారమే ఫౌండేషన్ నుంచి ఉత్తరం వచ్చింది. లక్ష్యం గడువులోగా నెరవేరినందుకు అభినందనలట. వచ్చే ఏడూ ఇస్తారట, ఈసారి దీపం వీడియోలు వర్ణించాలట. చదివి ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

నెల తర్వాత ధైర్యం చేసి స్టేషన్‌కు వెళ్ళాను. ఖున్ అన్న పాత కుర్చీ వెనకే నిలబడి ఉన్నాడు, రెండు బొటనవేళ్ళకూ పట్టీలు చుట్టుకుని. కూర్చున్నాను.

"పదిహేను నిమిషాలా, అరగంటా?"

"పదిహేను."

భుజం మీది చెయ్యి ఆగింది. మళ్ళీ కదిలింది. వేళ్ళతో కాదు, మోచేత్తో నొక్కుతున్నాడు.

"రాయిలా ఉన్నాయి చెల్లెమ్మా. ఇంకా ఒక్కదానివేనా?"

"ఒక్కదాన్నే. తప్పు నాదన్నా."

"నీదే," అన్నాడు. అంత మామూలుగా అనేసరికి నాకు ఏడుపొచ్చింది.

"వాళ్ళ డబ్బు వద్దంటాను. ఏదో ఉద్యోగం చూసుకుంటా, మళ్ళీ మొదట్లోలాగే చేద్దాం. శనివారం వచ్చి విను అన్నా. నువ్వు ఊఁ అనేదాకా ఏదీ వదలను. ఒట్టు."

"శనివారాలు కుదరవమ్మా. ప్రయాణికులు వచ్చేది ఆ రోజే."

"పోనీ ఆదివారం?"

"ఆదివారం ఇంకా ఎక్కువ. మిగతా రోజులు వేళ్ళు వేన్నీళ్ళలో పెట్టుకుని కూర్చుంటున్నా. వినే ఓపికెక్కడిది?"

పదిహేను నిమిషాలైందని గడియారం గంట కొట్టింది. నోటు అందిస్తే తడిమి చూసుకుని పెట్టెలో వేశాడు.

"లే చెల్లెమ్మా," అన్నాడు, "వెనక మనిషి నిలబడ్డాడు."