వయోలా ఆగిన చోట

మెత్తటి గుడ్డతో రికార్డు తుడిచి, గీతలేమైనా పడ్డాయేమోనని వెలుగులోకి వంచి చూసి, బాబాయ్ దాన్ని ప్లేయర్ మీద పెట్టాడు. పాత రికార్డుల షాపులో ఆయన పని అదే. వచ్చిన సరుకు కడిగి, విని, అమ్మకానికి పనికొస్తుందో లేదో చెప్పాలి. షాపు నడిపే అమ్మాయికి ఆయన ఏమీ కాడు గానీ బాబాయ్ అనే పిలుస్తుంది.

క్వార్టెట్లు వస్తే మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వడు. నలుగురు కలిసి వాయించేవి అవి, రెండు వయోలిన్లు, ఒక వయోలా, మంద్రంగా పలికే చెల్లో ఒకటి. అందరికీ తెలిసినవన్నీ ఎప్పుడో వినేశాడు, తనకు కావలసింది వాటిలో లేదు. ఇప్పుడు ఊరూ పేరూ లేనివాళ్ళవి వెతుకుతున్నాడు. వాటిని కొనే నాథుడు లేడని అమ్మాయి దెప్పుతూనే ఉంటుంది. ఆ వెతుకులాటలో ఎంత మంచివి దొరికాయో! ఒకటి విని ఇంటికి వెళ్ళే దారంతా ఏడ్చాడు కూడా. అయినా కావలసింది అది కాదు.

ఆయన భార్య వయోలా వాయించేది. వయోలిన్ కంటే కాస్త పెద్దది, గొంతు బొంగురు. జబ్బు పడకముందు ఒక కచేరీ కోసం ఏడాది పొడుగునా ఒకే క్వార్టెట్‌లో తన వంతు సాధన చేసింది. కాసేపు వాయించి ఆగేది. ఆగడమే తడవు ఈయన అందుకునేవాడు, పాలు విరిగాయనో కుళాయి కారుతోందనో. పెళ్ళాం సంగీతం మీద ఈయనకున్న శ్రద్ధ అంతే. ఆవిడ ఊఁ కొట్టేది. ఒక్కసారి మాత్రం విసుక్కుంది.

"నేను ఆగానంటే ఖాళీగా ఉన్నానని కాదండీ. అక్కడ మిగతా ముగ్గురూ మాట్లాడుతుంటారు. వినాలి."

ఆవిడ పోయింది, ఆ కచేరీ జరగనేలేదు. ఆ క్వార్టెట్ ఎవరిదో ఈయన ఎన్నడూ అడగలేదు. ఆవిడ వంతు మాత్రం మనసులో ఉండిపోయింది. ఆ ముగ్గురూ ఏం మాట్లాడుకునేవారో వినకుండానే పోతానేమోనని ఆయన బెంగ.

ఇవాళ్టి రికార్డుకు అట్ట సగం చిరిగి ఉంది. మొదటి వైపు మామూలుగా సాగింది. తిప్పి పెట్టాడు. బొంగురు గొంతు కాసేపు పలికి ఆగింది. ఆవిడ వంతే అది. పక్క గదిలో ఆవిడే ఉన్నట్టుంది. అలవాటు చావక, "కుళాయి..." అనేశాడు పైకే.

ఆ లోపు ముగ్గురూ అనవలసింది అనేశారు. వయోలా మళ్ళీ అందుకుంది.

ముల్లు వెనక్కి పెట్టాడు. ఆవిడ కమానుకు రుద్దుకునే గుగ్గిలం ముక్కను చొక్కా జేబులోంచి తీసి పట్టుకున్నాడు. ఈసారి నోరు మెదపలేదు. చెల్లో ఏదో అడిగింది. వయోలిన్లు ఒకదాని వెనక ఒకటి జవాబు చెప్పాయి. ఆ గదిలో ఆవిడ ఒక్కతే ఉందనుకున్నాడు ఇన్నాళ్ళూ. ఏడుపొచ్చింది, సంతోషమూ వేసింది. మళ్ళీ మొదటికి పెట్టి కళ్ళు మూసుకున్నాడు.

సాయంత్రం షాపు మూసే వేళకి అమ్మాయి లోపలికి వచ్చింది.

"ఇంక చాలు, లే బాబాయ్."

ఆయన లేవలేదు. డాక్టరు వచ్చి, ప్రాణం పోయి చాలాసేపయిందన్నాడు. రికార్డు తిరుగుతూనే ఉంది. అమ్మాయికి దాన్ని ఆపడానికి చేతులు రాలేదు.

ఆయనను తీసుకెళ్ళాక బల్ల మీద గుగ్గిలం ముక్క మిగిలింది, కమాను రుద్ది రుద్ది పడిన గాడి, అందులో తెల్లటి పొడి, ఆ పొడి మీద ఒక బొటనవేలి ముద్ర.