గట్లు చెరగని అడవి

గుడిసెను కూల్చడానికి ఇద్దరు మనుషులు, ఒక తాడు సరిపోయాయి. మిగతా ముప్పై ఎనిమిది మందిమి రంపాలు చేతపట్టుకుని చోద్యం చూశాం.

గుడిసె పెద్దదేం కాదు. నాలుగు గుంజలు, గడ్డికప్పు, లోపల ఒక పొయ్యి, రెండు కుండలు. తాడు మధ్యగుంజకు కట్టి లాగారు. కుండ ఒకటి దొర్లుకుంటూ వచ్చి నా కాలి దగ్గర ఆగింది. పగల్లేదు. కంట్రాక్టరు చేతిలో కాగితం విప్పి గుడిసెలో ఉండే ముసలామెకు చూపించాడు.

"ఇక్కడ మనుషులెవరూ లేరని ఇందులో ఉంది."

"మరి నేనెవర్ని?" అంది ఆమె.

"అదే నేనూ అడుగుతున్నా."

మాలో ముగ్గురు నలుగురు నవ్వారు. నేను నవ్వలేదని చెప్పుకోవాలని ఉంది కానీ నిజంగా గుర్తులేదు. ఆమె మాత్రం మా మొహాలు వరసగా, తొందరపడకుండా ఒక్కొక్కటే చూసింది. నా దగ్గరికొచ్చేసరికి ఇంకొంచెం సేపు చూసింది. తర్వాత వంగి కుండ తీసుకుని, వాగువైపు వెళ్ళిపోయింది.

ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళు, కాలేజీల్లో చదువుకునేవాళ్ళు తెలుసుకోవాలని ఇదంతా రాస్తున్నాను. ఇందులో నేను వీరుణ్ణి కాను. మొదటి మూడు రోజులు నేను కంట్రాక్టరు మనిషిని.

మాది పట్నంలో రైలుపట్టాల వెనక వీధి. పొద్దున్నే కూడలిలో నిలబడితే ఎవరో ఒకరు పనికి తీసుకుపోతారు. ఆ వీధిలో ఉన్నవాళ్ళలో ఎక్కువమందిమి ఒకే ఊరివాళ్ళం. ఆ మాటే గానీ ఒకరి గడప ఒకరు తొక్కం. ఇరవై రెండేళ్ళ కిందట ఎగువ ఫ్యాక్టరీకి వాగునీళ్ళు మళ్ళించారు. రెండు పంటలు ఎండాయి, మూడో పంట వెయ్యలేదు, తలా ఒక దిక్కు అయ్యాం. ముందు వెళ్ళిపోయినవాడి మీద వెనక మిగిలినవాడికి కోపం. ఆఖరున వెళ్ళినవాడికి సిగ్గు. ఆ కోపం, ఆ సిగ్గు మూటల్లో పెట్టుకుని అందరం మళ్ళీ ఒకే వీధికి చేరాం. నా భార్య పోయాక నా గదిలో రెండో కంచం దించే పని లేకపోయింది. ఆమె అన్న, మా బావ, గోడకు అవతల ఉంటాడు. అతని దగ్గు నాకు వినబడుతుంది. మేమిద్దరం మాట్లాడుకుని ఆరేళ్ళయింది.

మేస్త్రీ కూడా మా వీధివాడే. నన్నూ, బావనూ, మిగతావాళ్ళనూ మూసిన లారీ ఎక్కించాడు. కొండకు అవతలివైపు నుంచి, కొత్త రోడ్డు మీద తీసుకొచ్చి అడవిలో దించాడు.

"పది రోజుల్లో ఇదంతా బోడినేల అయిపోవాలి," అన్నాడు. "పదో రోజు అధికారి వస్తాడు. చెట్టు లేదు, మనిషి లేడు అని చూసుకుని సంతకం పెడతాడు. తర్వాత కాగితం మిల్లుకి చెట్లు నాటతారు. తొంభై ఏళ్ళ కౌలు. చేతులాడించండి."

ఆడించాం. మూడో రోజు మధ్యాహ్నం కొట్టిన కొమ్మలు భుజాన వేసుకుని నడుస్తున్నాను. చీలమండ మునిగేంత ఎండుటాకు, నేల కనబడదు. ఒకచోట నా కుడికాలు దానంతట అది లేచి, దేన్నో దాటి అవతల దిగింది. నేను ఎత్తలేదు. ఆగి, వెనక్కి వచ్చి మళ్ళీ నడిచాను. మళ్ళీ లేచింది.

ఆకులు చేత్తో తోసి చూస్తే గట్టు. అరిగి జానెడే మిగిలింది కానీ తిన్నగా ఉంది, మనిషి వేసిన గట్టు. దాని వెంట నడిచాను. నలభై అడుగుల తర్వాత ఎడమకు తిరుగుతుందని నాకు ముందే తెలుసు. తిరిగింది. మూలలో రాళ్ళకుప్ప ఉంటుందని తెలుసు. ఉంది. నాచు పట్టి, మధ్యలోంచి చెట్టొకటి లేచి, మా నాన్న చేనంతా ఏరి పోసిన రాళ్ళకుప్ప. మా చేనుకి రాళ్ళ చేను అని పేరు దానివల్లే వచ్చింది.

ఆ కుప్ప మీద కూర్చుని ఏడ్చాను. పొద్దుటినుంచి నేను కొట్టింది నా చేలో చెట్లే.

మేస్త్రీ తిట్టుకుంటూ వచ్చాడు. అతని కాళ్ళకు బూట్లున్నాయి. అయినా గట్టు దగ్గరికి రాగానే అతని కాలు కూడా లేచింది. చూశాను.

"నీకు తెలుసు," అన్నాను.

"చెప్తే వచ్చేవాళ్ళా?" అన్నాడు, నా మొహం చూడకుండా. "ఊరు లేదు, ఏం లేదు. పొట్ట చేతపట్టుకుని వచ్చాం. పని చూసుకో."

"నీ మూల చేను ఇటేగా ఉండాలి. నా పక్కదే."

"నాకు చేను లేదు," అనేసి వెళ్ళిపోయాడు.

రంపం అక్కడే వదిలేసి వాగు దగ్గరికి వెళ్ళాను. ముసలామె ఒడ్డున రాయి మీద కూర్చుని కుండ తోముతోంది. ఈసారి చూడగానే పోల్చుకున్నాను. మా చేలో కలుపు తీయడానికి వచ్చేది. అప్పట్లో మొండిపెద్దమ్మ అనేవాళ్ళం.

"పెద్దమ్మా, గుడిసె కూల్చినరోజే నన్ను గుర్తుపట్టావు కదా. ఎందుకు పలకరించలేదు?"

"రంపాలు పట్టుకొచ్చారు. చుట్టాల్లా రాలేదుగా."

ఆ మాటంటూనే కాస్త జరిగి, కూర్చోమన్నట్టు రాయి మీద చెయ్యి వేసింది.

"అందరూ పోతుంటే నువ్వెందుకు పోలేదు?" అన్నాను.

"పోయేవాళ్ళు వదిలిపెట్టి పోడానికి ఏదో ఒకటి ఉండాలి. నాకేముంది? సెంటు భూమి లేదు. ఉండిపోయా." కుండ బోర్లించింది. "మొదట్లో భయమేసేది. పలకడానికి మనిషి లేక మాటలు మర్చిపోతానేమో అని. అందుకని రోజూ మీ చేల మీదుగా నడిచి పేర్లు గట్టిగా అనేదాన్ని. నిమ్మచెట్టు చేను. పొడుగుమడి. రాళ్ళ చేను. మూల చేను. పలికేవాళ్ళు లేరనుకో. నా గొంతు నాకు వినబడేది, అది చాలు."

అడవి ఎలా వచ్చిందని అడిగాను. నిన్నటి సంగతి చెప్పినట్టు చెప్పింది.

"మొదటి ఏడు మొత్తం కలుపే. పీకేదాన్ని నేనేగా, నాకు కూలిచ్చేవాడు లేడు, పీకలేదు. తర్వాత నడుమెత్తు గడ్డి. నాలుగో ఏటికి ముళ్ళకంప కమ్మేసింది. అడుగు పెట్టనివ్వదు, తిట్టుకునేదాన్ని. కానీ పిట్టలు దానిమీద వాలి రెట్టలేశాయి. రెట్టల్లో గింజలు. గొడ్డూ మేకా ఆ ముళ్ళలో మూతిపెట్టలేవు, అందుకని లోపల మొక్క బతికింది. ముందొచ్చినవి మెత్తచెక్క చెట్లు, రెండేళ్ళకే నన్ను దాటిపోయాయి. వాటి నీడకి కంప చచ్చింది. ఇప్పుడు అవీ పడిపోతున్నాయి. కింద చూడు, గట్టిచెక్కవి వస్తున్నాయి. నిదానంగా వస్తాయి. అవి పెద్దవయ్యేది నేను చూడను, నువ్వూ చూడవు."

"అంతా ఒకేలా వచ్చిందా?"

"ఎందుకొస్తుంది? కొండ పక్కనున్న మూల చేను ముందు నిండింది. మీ బావ పొడుగుమడిని దున్నీ దున్నీ చంపాడు, అందులో పదేళ్ళు గడ్డి తప్ప ఏం లేదు. ఫ్యాక్టరీ మూతపడ్డాక వాగు ఇటు తిరిగింది. అయినా వానాకాలం పోతే ఎండేది. చెట్లు దట్టమయ్యాకే నిలిచింది."

"అయితే పాత అడవి మళ్ళీ వచ్చిందన్నమాట."

"పాతది కాదు. మా అమ్మ చెప్పిన చెట్లు కొన్ని ఇంకా రాలేదు. మీ నిమ్మచెట్టేమో అడవిలో కలిసిపోయి కాస్తోంది. ఇది వేరే అడవి."

మర్నాడు అన్నం వేళకు అందరినీ, పెద్దమ్మనూ నా రాళ్ళకుప్ప దగ్గరికి పిలిచాను. గట్లు చూపించాను. ఒక్కొక్కరే ఆకులు తోసుకుంటూ వెళ్ళి ఎవరి చేను వాళ్ళు వెతుక్కున్నారు. తిరిగి వచ్చేసరికి ఎవరి మొహంలోనూ కత్తివాటుకు నెత్తురు లేదు. మేస్త్రీ దూరంగా లారీ దగ్గరే ఉండిపోయాడు.

ముందు మాట్లాడింది బావ. ఆరేళ్ళ తర్వాత అతని గొంతు దగ్గు లేకుండా విన్నాను.

"అయితే ఏంటి? నాలుగు తరాలు ఈ అడవితో కొట్లాడి చేను చేశాం. వెనక్కి తిరిగేలోపు మింగేసింది. కొట్టెయ్యండి. నా కసన్నా తీరుతుంది."

"మింగింది అడవి కాదురా," అంది పెద్దమ్మ. "మీరు పోయిన నాలుగేళ్ళకి ఈ కంట్రాక్టరు వచ్చాడు. అప్పుడు కుర్రాడు. ముళ్ళకంపలో జీపు దిగబడితే తిట్టుకుంటూ పోయాడు. మళ్ళీ వచ్చాడు, మళ్ళీ పోయాడు. కంప లేకపోతే అప్పుడే అయిపోయేది నీ పొడుగుమడి. నీ గట్టు మీద మన్ను ఇంకా ఉందంటే వేళ్ళు పట్టుకుని ఉన్నాయి కాబట్టి."

అప్పుడు మిషను చెల్లెమ్మ లేచింది. కుట్టుమిషన్ల షెడ్డు మూసేస్తే మా గుంపులోకి వచ్చింది. వాళ్ళ అమ్మానాన్నలు మా చేలలో కూలికి వచ్చేవాళ్ళు.

"అందరూ గట్లు చూసుకుని ఏడుస్తున్నారు, బాగుంది. మాకు గట్టు లేదు. మాలాంటివాళ్ళం ఇక్కడ ఇరవై ఆరు మందిమి ఉన్నాం. మీ చేలు మీకొస్తాయి, మేం మళ్ళీ మీ కలుపుకి రావాలా?"

నాకు సిగ్గేసింది. నిజం చెప్పాలంటే నా మనసులో అప్పటికే నా చేను దున్నేశాను, కూలీలను కూడా పెట్టుకున్నాను.

"ఇన్నేళ్ళు ఈ నేలని కనిపెట్టుకుని ఉంది సెంటు భూమి లేని పెద్దమ్మ," అంది చెల్లెమ్మ. "మీలో ఒక్కడు లేడు. అది మర్చిపోకండి."

వాదన పొద్దు వాలేదాకా సాగింది. తిట్టుకున్నాం, పాత సంగతులు తవ్వుకున్నాం, ఇద్దరు కాలర్లు పట్టుకున్నారు. ఆఖరికి ఒప్పుకున్నది ఇది. రంపాలు కింద పెట్టెయ్యాలి. కొట్టేసిన మేర అందరం కలిసి సాగుచేసుకోవాలి, భూమి ఉన్నవాడు లేనివాడు అన్న తేడా లేకుండా. మిగతా అడవి వాగు కోసం ఉండాలి. పదో రోజు ఎవరి చేలో వాళ్ళు నిలబడి, మనుషులున్నారని అధికారికి వినబడేలా చేను పేరు అరవాలి. పోలీసులు పట్టుకుపోయినవాడి చోటులో, గట్టు లేని ఇరవై ఆరు మందిలో ఒకరు వచ్చి నిలబడాలి. ఆ చివరి మాట చెల్లెమ్మదే. అందరికంటే ముందు బావ తల ఊపాడు.

కంట్రాక్టరు కేకలేశాడు, బతిమాలాడు, మేస్త్రీనీ లారీనీ తీసుకుని వెళ్ళిపోయాడు. మా బియ్యం బస్తాలు మా దగ్గరే ఉన్నాయి. పదో రోజు పొద్దున్నే మేస్త్రీనీ, అధికారినీ, రెండు బండ్ల పోలీసుల్నీ, చెట్లు పెకలించే యంత్రాన్నీ వెంటబెట్టుకుని వచ్చాడు. మేం కొట్టిన మేర చూపించి సంతకం పెట్టించుకుంటే, మిగతాది యంత్రం చూసుకుంటుందని అతని లెక్క. ఆ సంతకం పడితే మా మనవల కాలానికి కూడా మాకు ఆ నేల లేదు.

అప్పటికి నేను రాళ్ళ చేలో నిలబడి ఉన్నాను. చుట్టూ చెట్లు. పది అడుగుల అవతల ఏముందో కనబడదు. నేను కొట్టిన మొద్దుల అంచుల్లో ఎర్రటి చిగుళ్ళు పొడుచుకొస్తున్నాయి. నా భార్య పోయినప్పటినుంచి ఒంటరివాణ్ణని అనుకుంటూ వచ్చాను. పక్క చేలో బావ ఉన్నాడో పారిపోయాడో తెలియకుండా నిలబడిన ఆ గంటలో ఉన్నంత ఒంటరిగా ఎప్పుడూ లేను. వెళ్ళిపోతే ఎవరికీ కనబడదు కూడా.

అప్పుడు కూలిన గుంజల దగ్గరనుంచి పెద్దమ్మ గొంతు లేచింది.

"గుడిసె!"

ఆమెకు చేను లేదు కదా. ఆ వెంటనే, "నిమ్మచెట్టు చేను!" తర్వాత దగ్గుతూ, "పొడుగుమడి!" బావ ఉన్నాడు.

"రాళ్ళ చేను!" అని అరిచాను.

నా తర్వాత మూల చేను రావాలి. అక్కడ ఎవరూ లేరు. ఒక్క ఊపిరి పీల్చుకునేంత ఖాళీ, ఆ తర్వాత అవతలి చేను పలికింది. అలా కొండ అంచుదాకా పోయి, మళ్ళీ గుడిసె నుంచి మొదలైంది. ప్రతిసారీ మూల చేను దగ్గర ఆ ఖాళీ తగిలేది, ఊడిన పన్ను దగ్గర నాలుక తగిలినట్టు.

మూడో చుట్టుకి గుడిసె పలకలేదు. పెద్దమ్మని పట్టుకున్నారని అర్థమైంది. అంతలో చెల్లెమ్మ గొంతు, "గుడిసె!" అంది. పోలీసులు చెట్ల మధ్య పరుగెడుతున్న చప్పుడు. ఒకచోట పట్టుకుంటే ఇంకోచోట పలుకుతోంది. పొడుగుమడి సగంలో తెగిపోయింది. మరుచుట్టుకి పొడుగుమడిలో ఎవరో ఆడమనిషి పలికింది. దగ్గు లేదు.

నా దగ్గరికి ఇద్దరు వచ్చారు. ఒకడు చెయ్యి వెనక్కి విరిచాడు, ఇంకొకడు నోరు మూశాడు. నా చేను మీదుగానే ఈడ్చుకుపోయారు. గట్టు దగ్గర నా కాలు లేచింది. నన్ను పట్టుకున్నవాడు గట్టు తట్టుకుని బోర్లా పడ్డాడు. దానికి కూడా నన్నే కొట్టారు.

వెనక చుట్టు నడుస్తోంది. గుడిసె. నిమ్మచెట్టు చేను. పొడుగుమడి. తర్వాత నిశ్శబ్దం. నా చోటు ఖాళీ. నా చేలోకి రావలసిన మనిషిని దారిలోనే పట్టేసి ఉంటారు. రెండు చేల ఖాళీ పక్కపక్కన పడితే వరస తెగుతుందని నాకు తెలుసు.

"రాళ్ళ చేను!"

ఆ గొంతు నాకు బాగా తెలుసు. పది రోజుల కిందట మమ్మల్ని చేతులాడించమన్న గొంతు. ఎవరో పరుగెత్తుతూ గట్టు దాటిన చప్పుడు వినబడింది. మళ్ళీ అదే గొంతు, ఆయాసంతో, మొదటిసారి మాట నేర్చినవాడిలా పలికింది.

"మూల చేను!"

బండిలో పెద్దమ్మ ఒక మూలన కూర్చుని ఉంది. పెదవి చిట్లింది, ఒళ్ళో కుండ ఉంది. పక్కన బావ. నేను ఎక్కి అతని పక్కన కూలబడ్డాను. అతను నా భుజం మీద చెయ్యి వేశాడు, తియ్యలేదు. కిటికీ ఊచల్లోంచి అధికారి కనబడ్డాడు. కాగితం కారు మీద పరుచుకుని ఉన్నాడు. పెన్ను మూత తీసి ఉంది, కానీ రాయడంలేదు, అడవివైపు చూస్తున్నాడు. చుట్టు ఇంకా నడుస్తూనే ఉంది.

"ఆ గొంతు విన్నావా పెద్దమ్మా? మేస్త్రీది," అన్నాను.

"విన్నాలే," అంది, కుండని ఒళ్ళోంచి తీసి కాళ్ళ కింద పెట్టుకుంటూ. "కాస్త జరగరా. వాడికి కూడా చోటు కావాలి."